అయస్కాంతాల మీద ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ: రాజోలు ఎమ్మెస్సీ విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో అయస్కాంత పదార్థాల మీద పరిశోధన చేయాలని ఉంది. నేను ఆ మైక్రోస్కోప్‌ను ఎప్పుడూ కళ్లతో చూడలేదు. ఇది కెరీర్ అవుతుందా? ఇప్పటినుంచి ఏం చేయాలి? ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు.

జవాబు:

కెరీర్ అవుతుందమ్మా. నాది పాలకొల్లు వైపు ఊరు. డిగ్రీ దాకా అక్కడే చదివాను, ఆ తర్వాత ఉద్యోగ జీవితమంతా ఈ పనిలోనే గడిచింది. కాబట్టి అవుతుందా లేదా అన్న దాని మీద ఎక్కువ రాయను. మీరు ప్రశ్న పెట్టిన వరస గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. మైక్రోస్కోప్‌ను ముందు పెట్టి, అయస్కాంతాన్ని తర్వాత పెట్టారు. నేను చూసినంతలో ఈ రంగంలో పేరు నిలబెట్టుకున్నవాళ్లు అయస్కాంతం గురించి ఒక ప్రశ్న పట్టుకుని, దాని జవాబు కోసం మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లినవాళ్లు. పరికరం ముందు నేర్చుకుని, దీంతో ఏం చూద్దామా అని తర్వాత వెతుక్కున్నవాళ్లు ఆపరేటర్లుగా స్థిరపడ్డారు. అదీ మంచి ఉద్యోగమే. పెద్ద సంస్థల్లో టెక్నికల్ ఆఫీసర్లుగా, థర్మో ఫిషర్, జియోల్ లాంటి మైక్రోస్కోప్ తయారీ కంపెనీల్లో అప్లికేషన్ నిపుణులుగా, చిప్‌లు చేసేచోట లోపాలు వెతికే ఇంజనీర్లుగా వాళ్లకు గిరాకీ ఉంది. కాకపోతే మీరు అడిగింది పరిశోధన గురించి.

మైక్రోస్కోప్‌కూ అయస్కాంతానికీ మధ్య ఒక పాత తగాదా ఉంది. అది అర్థమైతే ఈ రంగం సగం అర్థమైనట్టే.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ 1931లో బెర్లిన్‌లో పుట్టింది. కట్టింది మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా. రుస్కాకు నోబెల్ వచ్చేసరికి 1986 అయింది, అప్పటికి నోల్ లేరు. మామూలు వెలుగుతో చూస్తే దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడిగా కనపడవు. 200 కిలోవోల్టులతో పరిగెత్తించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0025 నానోమీటరు. ఇదంతా మీ సిలబస్‌లో ఉన్నదే. సిలబస్‌లో ఒక్క ముక్కలో దాటేసేది ఏమిటంటే, ఎలక్ట్రాన్లను వంచే ఆ లెన్స్ స్వయంగా ఒక విద్యుదయస్కాంతం. రాగి తీగ చుట్ట, దాని చుట్టూ ఇనుము, మధ్యలో కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ. శాంపిల్ పెట్టేది సరిగ్గా ఆ ఖాళీలోనే. అక్కడి క్షేత్రం దాదాపు 2 టెస్లాలు.

ఇప్పుడు ఆలోచించండి. అయస్కాంత పదార్థం లోపల రకరకాల దిక్కులకు తిరిగి ఉన్న డొమైన్లను, అంటే ఒక్కోదాంట్లో అయస్కాంతీకరణ ఒకే దిక్కున ఉండే చిన్న ప్రాంతాలను, చూద్దామని శాంపిల్ లోపల పెట్టారు. పర్మల్లాయ్ (నికెల్, ఇనుము మిశ్రమం) లాంటి, అయస్కాంతీకరణ తేలిగ్గా తిరిగే పదార్థమైతే 2 టెస్లాల్లో అన్ని డొమైన్లూ ఒకే దిక్కుకు తిరిగిపోతాయి. చూడటానికి ఏమీ మిగలదు. దీనికి విరుగుడుగా 1950ల చివర్లో దొరికిన పద్ధతి లోరెంజ్ మైక్రోస్కోపీ. శాంపిల్ చుట్టూ ఉన్న ఆబ్జెక్టివ్ లెన్స్‌ను ఆపేసి, కాస్త దూరంలో ఉన్న బలహీనమైన లెన్స్‌తో ఫోకస్ చేస్తారు. పరమాణువుల స్థాయి స్పష్టత పోతుంది, డొమైన్లు బతుకుతాయి. శాంపిల్‌లోని క్షేత్రం ఎలక్ట్రాన్‌ను పక్కకు నెట్టేది చాలా కొద్దిగా. మందం 50 నానోమీటర్లు, క్షేత్రం 1 టెస్లా అనుకుంటే దాదాపు 30 మైక్రోరేడియన్లు. స్ఫటికం వల్ల కలిగే వివర్తన కోణాలతో పోలిస్తే ఇది కొన్ని వందల వంతు తక్కువ. అందుకే ఫోకస్‌ను కావాలని తప్పిస్తారు. అప్పుడు పక్కపక్క డొమైన్ల నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒకచోట కలిసి తెల్ల గీతగా, ఒకచోట విడిపోయి నల్ల గీతగా కనపడతాయి. అవే డొమైన్ గోడలు.

కొత్తగా చేరిన పిల్లలకు ఇక్కడే పరీక్ష. శాంపిల్ రేకు ఎంత పలచగా ఉంటుందంటే అది ఎక్కడో ఒకచోట వంగి తీరుతుంది. వంగినచోట నల్లటి చారలు వస్తాయి. వాటిని బెండ్ కాంటూర్లు అంటాం. అవి చూడటానికి అచ్చం డొమైన్ గోడల్లా ఉంటాయి. తేడా తెలుసుకోవాలంటే ఫోకస్‌ను ఇటు నుంచి అటు మార్చాలి. నిజమైన గోడ అయితే తెల్లది నల్లగా, నల్లది తెల్లగా మారుతుంది. బెండ్ కాంటూర్ అలా తిరగబడదు, శాంపిల్‌ను కొంచెం ఓరగా తిప్పితే చోటు మారుస్తుంది. ఎవరైనా ఒకే ఫోకస్‌లో తీసిన ఒక్క ఫోటో చూపించి ఇవి డొమైన్లు అంటే నేను పేపర్ అక్కడితో పక్కన పెడతాను. ఇంకో సంగతి. ఎలక్ట్రాన్ ప్రయాణించే దిక్కులోనే అయస్కాంతీకరణ ఉంటే ఎలక్ట్రాన్ మీద బలం సున్నా, మీకు ఏమీ కనపడదు. ఫోటోలో ఏమీ లేదంటే పదార్థంలో అయస్కాంతత్వం లేదని కాదు.

గోడలు కనపడటం ఒక ఎత్తు, క్షేత్రాన్ని కొలవడం ఇంకో ఎత్తు. దానికి ఎలక్ట్రాన్ హోలోగ్రఫీ ఉంది. శాంపిల్ గుండా వచ్చిన ఎలక్ట్రాన్ తరంగాన్ని, పక్కనుంచి వచ్చిన తరంగంతో కలిపి, రెండింటి దశలో (ఫేజ్‌లో) వచ్చిన తేడాను కొలుస్తారు. హోలోగ్రఫీ ఆలోచన డెనిస్ గేబర్‌ది, 1948 నాటిది. ఆయన దాన్ని ప్రతిపాదించిందే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ను మెరుగుపరచడానికి. ఈ రంగంలో నేను అందరికన్నా పైన పెట్టే మనిషి జపాన్‌లో హిటాచీలో పనిచేసిన అకిరా టోనోమురా. క్షేత్రం ఏమాత్రం లేనిచోట నుంచి వెళ్లినా ఎలక్ట్రాన్ దశ మారుతుందని 1959లో అహరనోవ్, బోమ్ చెప్పారు. చాలామంది నమ్మలేదు, ప్రయోగాలు చేసినా క్షేత్రం ఎక్కడో బయటికి కారి ఉంటుందని వాదించారు. టోనోమురా బృందం అతిచిన్న పర్మల్లాయ్ ఉంగరం చేసి, దాని చుట్టూ నియోబియం పొర కప్పి, అది సూపర్‌కండక్టర్ అయ్యేదాకా చల్లబరిచి, క్షేత్రాన్ని లోపలే బంధించి, హోలోగ్రఫీతో దశ మార్పును చూపించింది. అది 1986. మీ క్వాంటమ్ మెకానిక్స్ సార్‌ను అడిగి ఆ ప్రయోగం పూర్తిగా చదవండి. శాంపిల్ తయారీ ఎంతటి కళో తెలుస్తుంది.

మొదట చెప్పిన తగాదాకు ఈ మధ్య రాజీ కూడా కుదిరింది. 2019లో టోక్యో విశ్వవిద్యాలయంలో నవోయా షిబాటా బృందం రెండు లెన్సుల క్షేత్రాలు శాంపిల్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా కట్టి, క్షేత్రం లేనిచోటే పరమాణువులను విడివిడిగా చూపించింది. అంతకుముందు 2010లో జపాన్ బృందమే లోరెంజ్ పద్ధతిలో స్కిర్మియాన్లను, అంటే అయస్కాంతీకరణ సుడి తిరిగినట్టు ఉండే అతిచిన్న ఆకృతులను, నేరుగా ఫోటో తీసింది. స్కిర్మియాన్ల మీద ఇప్పటికీ జనం బారులు తీరి ఉన్నారు. నా సలహా అయితే ఆ వరసలో నిలబడకండి.

ప్రశ్న కావాలంటే నియోడైమియం అయస్కాంతం వైపు చూడండి. ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారులో, హార్డ్ డిస్కులో, గాలిమరలో ఉండేది అదే. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ విడివిడిగా కనుగొన్నారు. ఇందులో తేలని లెక్క ఒకటుంది. ఆ స్ఫటికం అయస్కాంతీకరణను తిప్పాలంటే సిద్ధాంతం ప్రకారం 7 టెస్లాలకు పైగా కావాలి. వేడికి తట్టుకోవడం కోసం కలిపే డిస్ప్రోసియం అనే అరుదైన మూలకం లేని మామూలు సింటర్డ్ (పొడిని నొక్కి, వేడిచేసి గట్టిపరిచిన) అయస్కాంతం 1.2 టెస్లాల దగ్గరే లొంగిపోతుంది. మిగతా బలం ఎక్కడికి పోతోంది? జవాబు రేణువుల సరిహద్దుల్లో ఉంది. రేణువు 5 మైక్రాన్ల వరకు ఉంటుంది, రెండు రేణువుల మధ్య పొర రెండు మూడు నానోమీటర్లే. ఆ పొరకు అయస్కాంతత్వం ఉండదని, అందుకే రేణువులు ఒకదాన్నొకటి లాగవని చాలాకాలం అనుకున్నారు. పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడదీసి గుర్తించే ఆటమ్ ప్రోబ్‌తోనూ, హోలోగ్రఫీతోనూ చూస్తే అందులో ఇనుము బాగానే ఉందని, ఆ పొరకూ అయస్కాంతత్వం ఉందని తేలింది. జపాన్‌లోని త్సుకుబాలో కజుహిరో హోనో బృందం ఈ పని చాలా చేసింది. ఆ పొరను ఎలా మార్చాలి, డిస్ప్రోసియం తగ్గించి వేడికి తట్టుకునే అయస్కాంతం ఎలా చేయాలి అన్నది నేటికీ తీరని పని.

దీని వెనక డబ్బు కూడా ఉంది, ఇంట్లో చెప్పడానికి పనికొస్తుంది. 2025 ఏప్రిల్‌లో చైనా డిస్ప్రోసియం, టెర్బియంతో సహా ఏడు అరుదైన మూలకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మన కార్ల కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం సింటర్డ్ అయస్కాంతాల తయారీకి రూ. 7,280 కోట్ల పథకం ఆమోదించింది. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ల సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు 2023లోనే మొదలైంది. ఫ్యాక్టరీలు వస్తే అయస్కాంతం ఎందుకు పాడైందో లోపల చూసి చెప్పేవాళ్లు కావాలి.

ఇక మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు. మన జిల్లాల కాలేజీల్లో అయస్కాంత పదార్థాలు అనగానే సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని జెల్‌గా మార్చి కాల్చి) ఫెర్రైట్ అనే ఇనుము ఆక్సైడ్ పదార్థం చేయిస్తారు. కోబాల్ట్ ఫెర్రైట్‌లో కాస్త జింకు, లేదా నికెల్ ఫెర్రైట్‌లో కాస్త ఇంకేదో కలిపి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణ వివర్తనం) తీసి, అందులోని పీకు వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో స్ఫటికం సైజు లెక్కకట్టి, చివర్లో అలంకారానికి ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో అంటిస్తారు. పరికరం వల్ల పీకు ఎంత వెడల్పయిందో తీసేయకుండానే సైజు రాసేస్తారు. ఆ ఫోటోలో రేణువులను లెక్కపెట్టినవారు ఉండరు. అలాంటి థీసిస్‌లు మన దగ్గర బోలెడున్నాయి. మీరు ఇంకొకటి రాయాల్సిన పని లేదు.

మీ ఇంటికి దగ్గర్లోనే మంచి పదార్థం ఉంది. అంతర్వేది తీరంలో ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ నల్ల ఇసుక గోదావరి తెచ్చిందే. పైన దక్కన్ బసాల్ట్ రాళ్ల నుంచి, కింద తూర్పు కనుమల రాళ్ల నుంచి బరువైన ఖనిజాలు కొట్టుకొచ్చి, అలలు తేలికపాటి ఇసుకను లాగేసుకుంటే ఇవి మిగులుతాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం పెడితే గుత్తులుగా అంటుకునేది ముఖ్యంగా మాగ్నటైట్. ఇల్మనైట్ కూడా నల్లగానే ఉంటుంది కానీ చేతి అయస్కాంతానికి అంతగా అంటదు. ఎర్రగా మెరిసేది గార్నెట్. పసుపు గోధుమ రంగు రేణువుల్లో మోనజైట్ ఉండవచ్చు. నియోడైమియం దొరికేది అందులోనే, దాంతోపాటు థోరియం ఉంటుంది. అది అణుశక్తి శాఖ నియంత్రణలో ఉన్న ఖనిజం, దాని జోలికి వెళ్లకండి. ఇసుక కూడా బస్తాలకెత్తకుండా, కాలేజీ ఉత్తరం తీసుకుని, జియాలజీ వాళ్లతో కలిసి వెళ్లి కొద్దిగా తెచ్చుకోండి.

అంటుకున్న రేణువుల్లో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, బసాల్ట్ నుంచి వచ్చిన మాగ్నటైట్‌లో టైటానియం కలిసి ఉంటుంది. లావా చల్లారేటప్పుడు ఆక్సిజన్ తగిలితే ఆ టైటానియం ఇల్మనైట్ పలకలుగా రేణువు లోపలే విడిపోతుంది. అంటే ఒక్క ఇసుక రేణువు లోపల మాగ్నటైట్ చిన్న చిన్న గదులుగా చీలి ఉంటుంది. ఆ గదుల సైజు బట్టి దాని కోయర్సివిటీ, అంటే అయస్కాంతీకరణను తిప్పడానికి కావలసిన ఎదురు క్షేత్రం, మారుతుంది. నియోడైమియం అయస్కాంతంలో సరిహద్దు పొర గురించి చెప్పానే, ఇది దాని సహజరూపం లాంటిదే. రేణువులను రెసిన్‌లో పోసి, పాలిష్ చేసి, సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద చూస్తే పలకలు కనపడవచ్చు. స్వచ్ఛమైన మాగ్నటైట్‌కు క్యూరీ ఉష్ణోగ్రత, అంటే బలమైన అయస్కాంతత్వం పోయే వేడి, 580 డిగ్రీల సెల్సియస్, టైటానియం పెరిగేకొద్దీ అది పడిపోతుంది. ఎక్స్‌ఆర్‌డీలో రాగి టార్గెట్ ట్యూబుతో మాగ్నటైట్ పెద్ద పీకు 35.5 డిగ్రీల దగ్గర, ఇల్మనైట్‌ది 32.5 దగ్గర వస్తుంది. రాగి కిరణాలకు ఇనుము ఫ్లోరోసెన్స్ ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ పైకి లేపుతుంది, కంగారు పడకండి. ఒకే తరంగదైర్ఘ్యాన్ని వడకట్టే మోనోక్రోమేటర్ ఉన్న పరికరమో, కోబాల్ట్ ట్యూబో దొరికితే తీసుకోండి.

శాంపిల్ తయారీ గురించి మీకు ఎవరూ ముందుగా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. ఎలక్ట్రాన్లు శాంపిల్ గుండా దూసుకెళ్లే ట్రాన్స్‌మిషన్ మైక్రోస్కోప్‌కు శాంపిల్ 100 నానోమీటర్ల కన్నా పలచగా ఉండాలి, తల వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. 3 మిల్లీమీటర్ల బిళ్ల కోసి, రుద్ది రుద్ది పలచన చేసి, మధ్యలో గుంట పెట్టి, ఆర్గాన్ అయాన్లతో చిల్లు పడేదాకా చెక్కాలి. ఆ చిల్లు అంచే మీకు కావలసిన చోటు. చివరి నిమిషంలో అది విరిగిపోవడం ఈ వృత్తిలో రోజువారీ సంగతి. ఇప్పుడు గాలియం అయాన్ పుంజంతో కావలసిన చోటినే కోసి ఎత్తే యంత్రాలు వచ్చాయి. వాటికి గంటల చొప్పున డబ్బు, పైగా గాలియం శాంపిల్ పైపొరను పాడుచేస్తుంది. పరిశోధకుడి సమయంలో ఎక్కువ భాగం శాంపిల్ తయారీ గదిలోనే పోతుంది. రుద్దే పని మీద ఓపిక ఉంటేనే ఇటు రండి.

అయస్కాంత పొడి పంపిస్తే చాలా సంస్థలు తీసుకోవు. ఆ 2 టెస్లాల క్షేత్రంలో రేణువు గ్రిడ్ (శాంపిల్ ఉంచే జాలీ బిళ్ల) మీద నుంచి ఎగిరి లెన్స్ ఇనుముకు అంటుకుంటే మైక్రోస్కోప్ విప్పాలి. ఫారంలో శాంపిల్‌కు అయస్కాంతత్వం ఉందా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు రాయండి. రెసిన్‌లో గట్టిగా బిగించాం, రేణువులు ఊడిపోవు అని కూడా రాయండి. అప్పుడు ఆపరేటర్ మీ మాట వింటాడు.

చూడని యంత్రాన్ని చూడటానికి దారులున్నాయి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఏ పరికరం ఎక్కడ ఉందో, విద్యార్థికి చార్జి ఎంతో దొరుకుతుంది. ఐఐటీ మద్రాస్‌లో, ఐఐటీ బాంబేలో ఉన్న సైఫ్ కేంద్రాలు (అందరికీ అందుబాటులో ఉండే పెద్ద పరికరాల కేంద్రాలు) బయటి శాంపిళ్లు తీసుకుంటాయి. పోస్టులో పంపి ఊరుకోకండి, అనుమతి అడిగి వెళ్లి పక్కన కూర్చోండి. మీరు మొదటి సంవత్సరంలో ఉన్నారు కాబట్టి మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు పెట్టుకోవచ్చు, వేసవిలో రెండు నెలలు మంచి ల్యాబ్‌లో ఉండవచ్చు.

ఈలోగా ఇంట్లోనే నేర్చుకోగలిగినవి: రెసిప్రోకల్ లాటిస్ చేత్తో గీయడం, ఫూరియే ట్రాన్స్‌ఫారం, పైథాన్. ఊంఫ్ (OOMMF) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, దాంతో పర్మల్లాయ్ బిళ్లలో అయస్కాంత సుడి ఎలా ఏర్పడుతుందో లెక్కకట్టి చూడండి. ఇవాళ డిటెక్టర్లు ఒక్క స్కాన్‌లోనే గిగాబైట్ల డేటా ఇస్తున్నాయి. కోడ్ రాయడం రానివాళ్లకు ఇందులో చోటు తగ్గిపోతోంది.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ మూడూ రాయండి. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000, తర్వాత రూ. 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్‌లో డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ, సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరులో ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్, కల్పాక్కంలో ఐజీసీఏఆర్, చెన్నైలో ఐఐటీతోపాటు అయస్కాంతాల మీద కూడా పనిచేసే ఏఆర్‌సీఐ కేంద్రం ఉన్నాయి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సంస్థ పేరు కన్నా ఒక విషయం చూడండి: ఆయన విద్యార్థులు మైక్రోస్కోప్ మీద స్వయంగా కూర్చుంటారా, లేక శాంపిల్ ఇచ్చి ఫోటో తెచ్చుకుంటారా? ల్యాబ్‌కు ఫోన్ చేసి సీనియర్లను అడిగితే చెబుతారు. స్లాట్లు చాలాసార్లు రాత్రిళ్లే దొరుకుతాయి, లిఫ్టు తిరగక, రోడ్డు మీద లారీలు తగ్గి అదురు లేని సమయం అదే. హాస్టల్ ఎంత దూరమో, రాత్రి రెండింటికి తిరిగి వెళ్లే ఏర్పాటు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

ఇంట్లోవాళ్లు తప్పు మాట్లాడటం లేదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన విదేశంలో పోస్ట్‌డాక్, పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దగ్గర పడవచ్చు. అది వాళ్లకు దాచకుండా చెప్పండి. చెప్పి, ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఏడాది గడువు అడగండి. ఆ ఏడాదిలో జేఆర్‌ఎఫ్ రాకపోతే బీఈడీలో చేరవచ్చు, అది ఎక్కడికీ పోదు. స్టైపెండ్ వస్తున్నప్పుడు ఇంట్లో మాట తీరు మారుతుంది, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

సమ్మర్ ఫెలోషిప్ దరఖాస్తులో ఎందుకు చేరాలనుకుంటున్నారో రాయమంటారు. చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం అని మాత్రం మొదలుపెట్టకండి, వచ్చిన వాటిలో చాలా అలాగే మొదలవుతాయి. అంతర్వేది ఇసుకలో ఏం దొరికింది, ఎక్స్‌ఆర్‌డీలో ఏం వచ్చింది, ఏది అర్థం కాలేదు, దాన్ని ఏ పరికరంతో చూడాలనుకుంటున్నారు, ఈ నాలుగూ రాయండి. దరఖాస్తు గడువు చలికాలంలోనే ముగుస్తుంది కాబట్టి ఇసుక పని వర్షాలు తగ్గగానే మొదలుపెట్టాలి. రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, చదివి ఎక్కడ దిద్దాలో చెబుతాను.